ఇంటి మార్పులు: పునాదికి ముందు అనుమతి



నేడు నేను ముచ్చటింపబోవు విషయము వినుటకు స్వల్పముగా తోచును. ఉన్న యింటికి ఒక గది చేర్చుట, పెంకులు దించి మిద్దె వేయుట, మిద్దెమీద మేడ లేపుట, పెరటిలో మరుగుదొడ్డి కట్టుట, వీధివైపు ప్రహరి పెట్టుట మున్నగునవి ప్రతి గ్రామమునను ఏటేట జరుగుచునే యుండును. వీనిలో దేనికి పంచాయతి అనుమతి కావలయును, దేనికి అక్కఱలేదు? ఎవరిని అడుగవలెను? ఏ కాగితము చేతికి వచ్చిన నాడు అనుమతి వచ్చినట్లు? ఈ ప్రశ్నలతో గృహస్థు మొదట పోవునది కచేరికి కాదు. మీవంటి పెద్దల అరుగుమీదికి. కావుననే ఈ ప్రసంగమును మిమ్ముద్దేశించి చేయుచున్నాను.

నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒక్కటే. పెద్దలు నోటితో "కట్టుకో నాయనా" అనుట ఆశీర్వచనము, అనుమతి కాదు. అనుమతి యనగా పటముతో గూడి, సంఖ్యయు తేదీయు సంతకమును గల పత్రము. ఈ రెంటికి గల భేదమును పునాది త్రవ్వకముందే గృహస్థునకు తెలియజెప్పగలవారు మీరే.

"నా స్థలము, నా ధనము, నా యిల్లు, నడుమ పంచాయతి జోక్యమేల?" అని పలువురు అడుగుదురు. ఈ ప్రశ్న అన్యాయమైనది కాదు. దీనికి సమాధానము చెప్పక నియమములను ఏకరువు పెట్టిన ప్రయోజనము లేదు. ఇల్లు మనదియే, కాని దాని చూరునీరు పొరుగువాని గోడమీద పడును. మన అరుగు రెండడుగులు ముందునకు జరిగినచో వీధి రెండడుగులు తగ్గును. మరుగుదొడ్డి గుంట మన పెరటిలోనే యున్నను దాని యూట పొరుగింటి నూతికి పోవచ్చును. ఎండకాలమున ఏ గడ్డివామియో అంటుకొన్ననాడు నీళ్లబండి ఆ సందులోనికి రావలయును. ఇల్లు కట్టువాడు తన యింటిని మాత్రమే చూచును. చుట్టునున్న వీధిని, నీటిని, పొరుగును గూడ చూచువారు ఒకరుండవలెను. ఆ చూపునకే అనుమతి యని పేరు.

ఇది నిన్న మొన్న పుట్టిన కట్టుబాటు కాదు. చూరునీరు తన స్థలములోనే పడునట్లు జాగా విడువవలయునని మన తాతలు వాదించి తీర్పులు చెప్పినవారే. శాసనములు తరువాత వచ్చినవి. మద్రాసు రాజధానిలో 1920లో స్థానిక సంస్థల చట్టమును, మద్రాసు రాష్ట్రమున 1950లో గ్రామ పంచాయతి చట్టమును ఏర్పడెను. ఆంధ్రప్రదేశమున 1964లో గ్రామ పంచాయతి చట్టము వచ్చెను. నేడు ఆంధ్రప్రదేశమున 1994వ సంవత్సరపు పంచాయతిరాజ్ చట్టమును, తెలంగాణమున 2018వ సంవత్సరపు పంచాయతిరాజ్ చట్టమును అమలునందున్నవి. 1993 ఏప్రిల్ 24వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతులకు ఉద్దేశించిన 29 విషయములను పట్టికలో చేర్చినది. గ్రామీణ గృహనిర్మాణము వానిలో నొకటి. కావున అనుమతి యడుగుట ఎవరో పరాయివారికి లొంగుట కాదు. మన మెన్నుకొన్న పంచాయతిచేత మన యింటిపటమును చూపించి వ్రాయించుకొనుట.

ఇక దేనికి అక్కఱలేదో ముందు చెప్పెదను. వెల్ల వేయుటకు సైతము కాగితము కావలయునేమో యని భయపడువారు కలరు. భారతదేశమునకంతకును మాదిరిగా 1970లో మొదట వెలువడి, పలుమాఱులు సవరింపబడి, 2016లో నూతనముగా ప్రకటింపబడిన జాతీయ భవన నిర్మాణ స్మృతి యొకటి కలదు. స్థానిక నియమములకు అది మార్గదర్శి. దానిప్రకారము కిటికీగాని తలుపుగాని తెఱచుట, మూయుట, గదికి గదికి నడుమ ద్వారము పెట్టుట, లోపల అడ్డుగోడ పెట్టుట, వెల్లవేయుట, రంగులు పూయుట, పెంకు మార్చుట, పూతపని, అతుకుపని, నేల క్రొత్తగా వేయుట, తన స్థలములోపలనే సజ్జా కట్టుట మొదలైన వానికి ప్రత్యేకానుమతి అవసరము లేదు. కాని యొక షరతు గలదు. ఆ పనివలన కట్టడపు దృఢత్వమునకు గాని, అగ్నిభద్రతకు గాని, తక్కిన నియమములకు గాని భంగము కలుగరాదు.

ఈ షరతులోనే చిక్కంతయు నున్నది. పాత పెంకులు తీసి క్రొత్త పెంకులు నేయించుట మరమ్మతు. పెంకులు తీసి సిమెంటు కాంక్రీటు స్లాబు పోయుట మరమ్మతు కాదు. లెక్క చూడుడు. నాలుగంగుళముల మందముగల స్లాబు చదరపు మీటరునకు సుమారు 250 కిలోగ్రాముల బరువు తూగును. పదడుగుల వెడల్పు, పండ్రెండడుగుల పొడవు గల చిన్న గదిమీద ఆ బరువు రెండున్నర టన్నులను మించును. బంకమట్టితో కట్టిన పాతగోడ ఇన్నాళ్లు పెంకులను, కఱ్ఱ దూలములను మోసినది గాని ఈ భారమునకు కట్టబడినది కాదు. అట్లే గది నడుమ పలుచని అడ్డుగోడ పెట్టుట వేఱు. దూలము క్రింది గోడను పగులగొట్టి హాలు పెద్దది చేయుట వేఱు. మొదటిది సౌకర్యము, రెండవది యింటి వెన్నెముకను కదలించుట.

కావున అనుమతి కావలసిన పనులను ఇట్లు గుర్తింపవచ్చును. ఇంటి వెడల్పును పెంచునది, ఎత్తును పెంచునది, భారమును మోయు గోడను గాని స్తంభమును గాని మార్చునది, పాతదానిని పడగొట్టి పునాదినుండి లేపునది, నివాసమును దుకాణముగానో గిడ్డంగిగానో మార్చునది. ఈ యైదింటిలో ఏదైనను అనుమతికి వెలుపల నుండదని తలచి అడిగి తెలిసికొనుటయే క్షేమము. ప్రహరిగోడయు వీధిహద్దుపై నిలుచునది గనుక దానిని గూర్చియు అడుగవలెను.

ఎవరిని అడుగవలెను? సామాన్యముగా గ్రామములో చిన్నయింటికి పంచాయతి కార్యదర్శికి దరఖాస్తు పెట్టవలెను. తెలంగాణములో 300 చదరపు మీటర్ల, అనగా సుమారు 359 చదరపు గజముల వఱకు గల స్థలములో, 10 మీటర్ల ఎత్తునకు మించని కట్టడమునకు గ్రామ పంచాయతియే అనుమతి నొసగును. అంతకు మించినదానికి పట్టణ, గ్రామ ప్రణాళిక శాఖవారి సాంకేతికామోదము కావలయును. ఆంధ్రప్రదేశమునను పెద్ద కట్టడములకు సాంకేతికామోదము కావలయును. మఱియొక సంగతి గూడ మఱవరాదు. పట్టణములకు సమీపమునగల గ్రామములు పెక్కు పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలో చేరినవి. కొన్ని పురపాలక సంఘములలోనే కలిసినవి. ఊరు చూచుటకు పూర్వపు ఊరే. గడ్డివాములు, పశువుల కొట్టములు పూర్వమువలెనే యుండును. కాని అనుమతి నిచ్చు కచేరి మాఱియుండును. "మా గ్రామము నేడు ఎవరి పరిధిలో నున్నది?" యనునది మొదట అడుగవలసిన ప్రశ్న.

కొన్ని చోటుల పంచాయతి పత్రము మాత్రము చాలదు. చెఱువు సంగతి చూడుడు. 2012లో ఉమ్మడి రాష్ట్రమున వెలువడిన భవన నియమావళి చెఱువు నిండినప్పుడు నీరు నిలుచు మేరలోపల కట్టడమును పూర్తిగా నిషేధించినది. పది హెక్టారులు, అంతకు మించిన చెఱువులకు ఆ మేరనుండి 30 మీటర్లు, అంతకంటె చిన్నవానికి 9 మీటర్లు విడువవలయునని యందు విధించిరి. నాలుగేండ్లు వానలు లేక చెఱువు ఎండియున్నప్పుడు ఈ హద్దు కంటికి కానరాదు. అది యెచ్చట నుండునో ఊరిలో మీకు తెలిసినట్లు మఱియెవరికిని తెలియదు. నిండుచెఱువును చూచినవారు మీరే గదా!

రైలుమార్గపు హద్దునకు 30 మీటర్లలోపల కట్టదలచినవారు రైల్వేవారి అభ్యంతరము లేదను పత్రమును గూడ తెచ్చుకొనవలెను. కేంద్ర ప్రభుత్వముచేత రక్షింపబడు ప్రాచీన కట్టడములకు సమీపమున నివసించువారికి వేఱు శాసనమున్నది. లేపాక్షి వీరభద్రాలయము, పాలంపేట రామప్పగుడి ఇట్టివి. 1958వ సంవత్సరపు చట్టమునకు 2010లో చేసిన సవరణ ప్రకారము, రక్షిత కట్టడపు హద్దునుండి 100 మీటర్ల వఱకు నిషిద్ధ ప్రదేశము. దాని తరువాత మఱి 200 మీటర్లు నియంత్రిత ప్రదేశము. నిషిద్ధ ప్రదేశమున క్రొత్త యిల్లుగాని, ఉన్నదానిపై అంతస్తుగాని కట్టరాదు. 1992 జూన్ 16వ తేదీకి ముందే యున్న యింటికి మాత్రము అర్హాధికారి యనుమతితో మరమ్మతు చేయించుకొనవచ్చును. గుడినీడ నున్న పాత యింటివానికి ఈ తేదీ మిక్కిలి ముఖ్యమైనది. ఆ కాలపు పన్ను రసీదు పెట్టెలో నున్నయెడల భద్రపఱచుకొనుమని చెప్పుడు.

ఇప్పుడు ప్రాణములతో ముడిపడిన విషయము. పల్లెలో ఇంటిప్రక్కగా విద్యుత్తు తీగలు పోవుచుండును. ఇల్లు ఒక్క అంతస్తుగా నున్నప్పుడు తీగ తలపై చాల ఎత్తున నుండును. మేడ లేచినపిమ్మట అదే తీగ చేయిచాచిన అందును. బట్టలారవేయుటకు మేడ యెక్కిన యిల్లాలికి, గాలిపటము పట్టుకొన్న పిల్లవానికి అది మృత్యువు. నియమములలో ఈ దూరములు నిర్ణయింపబడి యున్నవి. ఇండ్లకు వచ్చు సామాన్యపు తీగలకును ఇంటి పైభాగమునకును నిలువున 2.5 మీటర్లు, ప్రక్కకు 1.2 మీటర్లు ఎడము ఉండవలెను. 11 వేల వోల్టుల తీగకు నిలువున 3.7 మీటర్లు, అనగా సుమారు పండ్రెండడుగులు, ప్రక్కకు 1.2 మీటర్లు. 33 వేల వోల్టులకు నిలువున 3.7 మీటర్లు, ప్రక్కకు 2 మీటర్లు. మేడ వేయుదునని మీయొద్దకు వచ్చినవానిని ముందు తల యెత్తి చూడుమనుడు. తీగ దగ్గఱగా నున్నచో విద్యుత్తు శాఖకు వ్రాసి దానిని మార్పించిన తరువాతనే పని.

ఆరోగ్యమునకు సంబంధించిన కొలతలును స్మృతిలో కలవు. నివాసపు గది 9.5 చదరపు మీటర్లకు, అనగా సుమారు 102 చదరపు అడుగులకు తగ్గరాదు, ఎత్తు 2.75 మీటర్లకు, అనగా తొమ్మిదడుగులకు తగ్గరాదు. వంటయిల్లు 5 చదరపు మీటర్లకు తగ్గరాదు. గాలివెలుతురులకు విడుచు ఖాళీ, పొడి యెండగల ప్రాంతములలో గదినేలలో పదవవంతును, తేమతో గూడిన యెండగల ప్రాంతములలో ఆఱవవంతును ఉండవలెను. క్రొత్త గదిని చేర్చి పాతగది కిటికీని మూసివేయుట మన పల్లెలలో తఱుచు. పొగచూరు వంటింటిలో దినమంతయు నుండువారు స్త్రీలు. గది పెరిగినందుకు వారి గాలి తగ్గరాదు.

దరఖాస్తుతో నేమి యీయవలెను? స్థలము తనదని చూపు దస్తావేజు, నాలుగు చెక్కుబందులతో, వీధి వెడల్పుతో, ఉన్న కట్టడమును క్రొత్తగా చేర్చుభాగమును వేఱువేఱుగా చూపు పటము, ఇంటిపన్ను కట్టిన రసీదు, అంతస్తు వేయుచో పాత పునాది దానిని మోయునని ఇంజనీరు ఇచ్చిన పత్రము, నిర్ణయించిన రుసుము. పటములో నూయి, మరుగుదొడ్డి గుంట, వాననీటి యింకుడుగుంట ఎక్కడ నుండునో గుర్తింపవలెను. పొరుగువారి నూయి దగ్గఱ నున్నచో దానిని గూడ చూపవలెను. దరఖాస్తు ఇచ్చినపుడు రసీదు పుచ్చుకొనవలెను. అనుమతి వచ్చినపిమ్మట పత్రమును తేదీలతో చదివించుకొనవలెను. ఎంతకాలములోపల పని ముగింపవలెనో అందుండును. పటమునకు నకలు తీసి మేస్త్రి చేతికీయవలెను. మేస్త్రి చేతిలో పటము లేనిచో అనుమతి పెట్టెలో నుండును; ఇల్లు వేఱొకరీతిగా లేచును.

ఇక పల్లెలలో ప్రబలియున్న మూడు భ్రమలను గూర్చి చెప్పెదను.

మొదటిది నోటిమాట. నేనెఱిగిన యొక గ్రామములో అన్నదమ్ములిద్దఱు తండ్రియిల్లు పంచుకొనిరి. తమ్ముడు కుమారుని వివాహమునకు ముందు తన వంతుపై మేడ వేయదలచి, నాటి పెద్దను అడిగెను. ఆ పెద్ద ధర్మాత్ముడు. "దారికి అడ్డము లేకుండ కట్టుకో" అనెను. మేడ లేచెను. లోపల చోటు చాలక మెట్లను బయట, సందువైపున వేసిరి. ఎవరును కాదనలేదు. కొన్నేండ్లకు ఆ పెద్ద పదవి ముగిసెను. తరువాత సందులో మురుగుకాలువకు కొలతలు వేయగా, మెట్లలో మూడడుగులు ఊరుమ్మడి సందులో నున్నట్లు తేలెను. పత్రము చూపుమనిరి, లేదు. మెట్లు తీసివేయబడెను. మేడ నిలిచినది గాని అందులోనికి ఎక్కు దారి లేకపోయెను. క్రొత్త దంపతులుండవలసిన గది యేడాదికాలము తాళమున నుండెను. పటము గీయించి దరఖాస్తు పెట్టియున్నచో ఆ మూడడుగులు కాగితముమీదనే బయటపడియుండెడివి. కాగితముమీది గీతను చెఱపుటకు వ్యయమేమి? ఆ పెద్ద మాట తప్పలేదు. కాని ఆయన మాట యే పుస్తకములోను వ్రాయబడలేదు. పంచాయతి పదవీకాలము అయిదేండ్లు. ఇంటి యాయువు అరువదేండ్లు. అయిదేండ్ల మాట అరువదేండ్ల యింటిని కాపాడలేదు.

రెండవది పన్ను రసీదు. ఇంటిపన్ను కట్టుచున్నాము, విద్యుత్తు మీటరు ఇచ్చినారు, కనుక అనుమతి ఉన్నట్లే యని కొందఱందురు. పన్ను ఇల్లుండుటకు సాక్ష్యము. నియమప్రకారముండుటకు సాక్ష్యము కాదు. 2020 ఏప్రిల్ 24న ఆరంభింపబడిన స్వామిత్వ పథకమున డ్రోనులతో కొలిచి ఇచ్చు ఆస్తిపత్రమును అంతే. అది స్థలము ఎవరిదో చెప్పును గాని దానిపై నేమి కట్టవచ్చునో చెప్పదు.

మూడవది "అందఱును కట్టలేదా?" యనుట. ఇందుకు సర్వోన్నత న్యాయస్థానము 2024 డిసెంబరు 17న సమాధానము చెప్పినది. కాలము గడచినంతమాత్రమునను, ధనము వ్యయమైనంతమాత్రమునను అనుమతి లేని కట్టడము సక్రమము కాదని ఆ తీర్పు. అప్పునకు బ్యాంకునకు పోయినపుడును, ఇల్లమ్మదలచినపుడును మొదట అడుగబడునది ఈ పత్రమే.

ఇంతవఱకు గృహస్థుని విధులను చెప్పితిని. అతని హక్కులను చెప్పకున్న న్యాయము కాదు. దరఖాస్తును తిరస్కరించినచో కారణమును వ్రాతమూలకముగా కోరవలెను. కాగితము కదలనప్పుడు 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము క్రింద దాని స్థితిని అడుగవచ్చును. సామాన్యముగా 30 దినములలో సమాధానము రావలెను. రుసుమునకు రసీదడుగుట మర్యాదకు భంగము కాదు. రసీదు లేని సొమ్ము రుసుము కాదు. కట్టిన యింటిని పడగొట్టుదుమని యెవరైన వచ్చినయెడల, ముందుగా వ్రాతమూలకమైన నోటీసును, కనీసము 15 దినముల గడువును, చెప్పుకొనుటకు అవకాశమును ఈయవలయునని 2024 నవంబరు 13న సర్వోన్నత న్యాయస్థానమే ఆదేశించినది. వీధి, రైలుమార్గపు ప్రక్క, నది, చెఱువు మున్నగు చోటుల ఆక్రమించి కట్టినవానికి మాత్రము ఈ రక్షణ వర్తింపదు. ఈ మినహాయింపును గృహస్థులకు స్పష్టముగా చెప్పుడు.

పెద్దలారా! మీ అరుగుమీదికి వచ్చి "గది వేయదలచితిని, ఏమందురు?" అని అడిగినవానిని నాలుగు ప్రశ్న లడుగుడు. స్థలపు హద్దులు కొలిపించితివా? తలపై తీగను, దిగువ నీటి మేరను చూచితివా? పాతగోడ మోయునని తెలిసినవారు చెప్పిరా? పటముతో కూడిన పత్రము చేతికి వచ్చినదా? నాలుగింటికిని ఔనన్న తరువాత ఆశీర్వదింపుడు. ఒక్కదానికి కాదన్నను ముహూర్తమును ఒక నెల వెనుకకు జరుపుమనుడు. మన ప్రాంతములలో మంచి ముహూర్తము మరల వచ్చును. పోసిన స్లాబును మరల తీయుట కష్టము. మీ రిట్లడుగుటవలన మీ మాటకు విలువ తగ్గునని శంకింపకుడు. మాటను పత్రముగా మార్పించిన పెద్దఱికము ఆయన పిమ్మటను ఆ యింటిని కాచుచుండును.